ఒక్కరేనా మేడమ్?

"ఒక్కరేనా?" అనేది లెక్క అడిగే ప్రశ్న కాదు. లెక్కే అయితే అడగక్కర్లేదు, తలుపు తోసుకుని వచ్చింది ఒక మనిషి, భుజాన ఒక బ్యాగు, కనబడుతూనే ఉంది. ఆ ప్రశ్నలో "వెనకాల ఇంకెవరో వస్తున్నారు కదా?" అనే ఆశ ఉంటుంది. రావట్లేదని చెప్పగానే ఆ ఆశ పోతుంది. నాలుగు కుర్చీల బల్ల మీద మూడు కుర్చీల నష్టం నా ఖాతాలో పడుతుంది. తర్వాత నన్ను తీసుకెళ్ళి చేతులు కడుక్కునే సింకు పక్కనో, వంటింటి తలుపు ఊగే చోటో, ఏసీ నీళ్ళు కారే మూలో కూర్చోబెడతారు. అలాంటి బల్ల ప్రతి హోటల్లోనూ ఒకటుంటుంది. నాలాంటి వాళ్ళు వచ్చేదాకా దాని మీద క్లీనర్ల బకెట్టు ఉంటుంది.

నా పని రక్తపరీక్షల యంత్రాలు బాగుచెయ్యడం. నెలలో పది పన్నెండు రోజులు హైదరాబాదులో ఉండను. కర్నూలు, నెల్లూరు, ఖమ్మం, రాజమండ్రి, శ్రీకాకుళం, కరీంనగర్, ఎక్కడి ల్యాబులో యంత్రం మొరాయిస్తే అక్కడికి. ఆరేళ్ళ నుంచి ఇదే వరస. అంటే ఈ రెండు రాష్ట్రాల్లో ఒంటరిగా కూర్చుని తిన్న పూటలు వందల్లో ఉంటాయి. ఈ విషయంలో నాకు మర్యాదైన అభిప్రాయాలు మిగల్లేదు.

ఈమధ్య ఎక్కడ చూసినా "ఒంటరిగా తినడానికి పది మంచి చోట్లు" అనే జాబితాలు కనిపిస్తున్నాయి. స్నేహితులు నాకు ప్రేమగా పంపిస్తుంటారు, నీకు పనికొస్తుందే అని. ఒక్కటీ పనికిరాదు. బంజారాహిల్స్, ఇందిరానగర్, బాంద్రా. కిటికీ పక్కన ఎత్తు స్టూలు, పసుపు దీపం, తెరిచిపెట్టిన పుస్తకం, నోరు తిరగని పేరున్న పాస్తా. కింద ఒక నీతివాక్యం, నీతో నువ్వు కాసేపు గడుపు అని. ఒంటరి భోజనాన్ని స్పా లాగా అమ్ముతున్నారు. పనిమీద ఊరెళ్ళిన మనిషికి తనతో తాను గడపాలన్న కోరికేమీ ఉండదు, బస్సులో ఆరుగంటలు ఆ పనే చేసి దిగింది. ఉండేది ఆకలి. రెండింటికి ల్యాబు నుంచి బయటపడి మూడింటికి మళ్ళీ వెళ్ళాలి, ఈలోపల వేడిగా, శుభ్రంగా, ఎవరి చూపూ గుచ్చుకోకుండా, అరుగుతుందన్న నమ్మకంతో తినాలి. ఇదంతే. దీనికి జాబితాలో ఒక్క చోటూ లేదు, ఎందుకంటే జాబితా రాసినవాళ్ళ భూగోళంలో శ్రీకాకుళం లేదు.

ఈ జాబితాలవాళ్ళు ఊ అంటే జపాను ఉదాహరణ తెస్తారు. సరే, జపాను సంగతే చూద్దాం. ఒంటరి భోజనం మీద నాకు తెలిసిన గొప్ప కథ అక్కడిదే. 'కొదొకు నో గురుమె' అని, 1994లో మొదలైన మాంగా. రచన కుసుమి మసయుకి, బొమ్మలు తనిగుచి జిరో. 2012 నుంచి టీవీ టోక్యోలో సీరియల్‌గా కూడా వస్తోంది. అందులో ఇనొగషిర గొరొ అనే ఆయన విదేశీ వస్తువులు తెప్పించి అమ్మే వ్యాపారి. పనిమీద ఏదో పేటకి వెళ్తాడు, పనయిపోతుంది, ఉన్నట్టుండి ఆకలేస్తుంది, ఏదో చిన్న హోటల్లోకి దూరి తింటాడు. కథ అంతే. తాగడు. ఎవరితోనూ ప్రేమలో పడడు. ఎవరూ ఆయన్ని చూసి అయ్యో అనుకోరు. మనవాళ్ళు ఇది చూసి "ఆహా, ఏకాంతం" అంటారు. నాకు అందులో కనబడేది గోడ వారగా ఉన్న బారుబల్ల. అక్కడి చిన్న హోటళ్ళు ఒక మనిషిని ఒక గిరాకీగా లెక్కేసి కట్టుకున్నవి. ఒక బల్ల, ఒక గిన్నె, ఒక మనిషి. గొరొకి ఏకాంతం అన్న విద్య ఏదో వచ్చని కాదు, అతను వెళ్ళిన హోటల్‌కి ఒకటి అనే అంకె వచ్చు.

(అదే జపాన్లో ఇచిరాన్ అనే రామెన్ హోటళ్ళున్నాయి. మనిషికీ మనిషికీ మధ్య చెక్క అడ్డాలు పెట్టి, ఎవరి గూట్లో వాళ్ళు తినేట్టు చేస్తారు. దాన్ని చూసి మురిసిపోయేవాళ్ళని చూశాను. నాకు మాత్రం పరీక్ష రాస్తున్నట్టు ఉంటుంది.)

మన హోటళ్ళకి ఒకటి అనే అంకె రాదు. మెనూ తెరవండి. బిర్యానీ సింగిల్ అంటాడు, అది ఇద్దరికి. ఫుల్లు, ఫ్యామిలీ ప్యాకు, జంబో అని పైకి వెళ్తుంది గానీ కిందికి దిగదు. కూర ఒక గిన్నెడు వస్తుంది, నూనె తేలుతూ, ముగ్గురు రొట్టెలు అద్దుకుని తినేంత. పన్నీరు కూరొకటి చెప్తే ఇక ఆ పూటకి అదే నా లోకం. పప్పు లేదు, వేపుడు లేదు, పచ్చడి లేదు. సగం ఇస్తారా అని అడిగితే "హాఫ్ లేదు మేడమ్, పార్సిల్ కట్టిస్తా" అంటాడు. లాడ్జి గదిలో ఫ్రిజ్ ఉండదు బాబూ, ఆ పార్సిల్‌ని నేనేం చేసుకోను? నలుగురొస్తే నాలుగు రకాలు చెప్పుకుని పంచుకు తింటారు, ఒక్క మనిషొస్తే ఒక్క రకం తిని, మూడొంతులు వదిలేసి, మొత్తానికి డబ్బు కట్టి వెళ్తుంది. దాన్ని ఎవరూ అన్యాయం అనుకోరు. ఒంటరిగా వచ్చినందుకు జరిమానా అనుకుంటారు, నోరు తెరిచి అనరు.

ఈ లెక్కని మనవాళ్ళు ఏనాడో పరిష్కరించారు. దాని పేరు మీల్స్. ఆకో, స్టీలు కంచమో వేసి, ఒక మనిషికి పప్పు, ఒక వేపుడు, ఒక కూర, పులుసు, చారు, రోటిపచ్చడి, పొడి, నెయ్యి, అప్పడం, పెరుగు. మనిషి ఒక్కటే, రుచులు పది. కావాలంటే మారు వడ్డిస్తారు, వద్దంటే చెయ్యి అడ్డం పెడితే చాలు. ఒంటరిగా తినేవాళ్ళకోసం ఈ భూమ్మీద ఇంతకంటే మంచి ఏర్పాటు ఎవరైనా కనిపెట్టి ఉంటే చూపించండి, ఒప్పుకుంటాను. కాకినాడ సుబ్బయ్య గారి హోటల్ పేరు విననివాళ్ళుండరు. అక్కడ వడ్డించేవాళ్ళు బలవంతం చేసి మరీ పెడతారని ప్రసిద్ధి. ఆ బలవంతానికి మీరెంతమంది వచ్చారన్నది పట్టదు, ఆకు ముందు కూర్చున్నారా లేదా అన్నదే.

పేరున్నవి సరే, పేరు లేని మెస్సులే నా ప్రాణం. ఆసుపత్రి వెనక సందులో, ఇంటి ముందు గదిలో ఆరు బల్లలు, గోడకి వెంకటేశ్వరస్వామి క్యాలెండరు, గల్లాపెట్టె దగ్గర రంగు టోకెన్లు. పన్నెండున్నరకి వెళ్తే వేపుడు కరకరలాడుతూ ఉంటుంది, రెండింటికి వెళ్తే చారు మాత్రమే వేడి. ఖమ్మంలో నేను వెళ్ళే మెస్సు నడిపే పెద్దావిడ ఇప్పటిదాకా ఒక్కసారి కూడా "ఒక్కదానివేనా" అని అడగలేదు. "ఏం బిడ్డా, ఇయ్యాల లేటైంది, మిషన్ బాగయ్యిందా?" అని అడుగుతుంది. ఆ ప్రశ్నకి సమాధానం చెప్పడం నాకు ఇష్టం.

మెస్సులో ఇంకో సంగతుంది. నా అసలు తగువు అక్కడే. మెస్సులో బల్ల నాది కాదు. నాలుగు కుర్చీల్లో ఒకటే నాది. ఎదురుగా ఎవరో వచ్చి కూర్చుంటారు, అడగకుండా. మెడికల్ రెప్పు, ఆర్టీసీ కండక్టరు, కోర్టు పనిమీద ఊరొచ్చిన ముసలాయన. ఉప్పు అటు జరుపుతాను, నీళ్ళ జగ్గు ఇటు జరుపుతారు. మాట్లాడుకోవాలని లేదు. పెద్ద హోటల్లో నాలుగు కుర్చీల మధ్య ఒక్కదాన్నే కూర్చుంటే ఒంటరిగా ఉన్నట్టుంటుంది, ఇక్కడ ముక్కూమొహం తెలియని ముగ్గురి మధ్య కూర్చుంటే అలా ఉండదు. మూడు కుర్చీల నష్టం అన్న మాటే రాదు, ఎందుకంటే ఖాళీ కుర్చీలు నావి కావు. లెక్కలో ఇంత తేలికైన సంగతిని మన రెస్టారెంట్లు మర్చిపోయాయి. మర్చిపోయాయి అనడం మర్యాద. వదిలించుకున్నాయి.

ఎందుకు వదిలించుకున్నాయో చూడాలంటే కాస్త వెనక్కి వెళ్ళాలి. ఊరుగాని ఊళ్ళో తిండి దొరకడం అనేది తెలుగులో పాత సంగతే. క్రీడాభిరామంలో ఓరుగల్లు పూటకూళ్ళింట్లో ఒక్క రూకకి ఏమేం వడ్డిస్తారో ఒక పద్యం నిండా జాబితా ఉంది, ధరతో సహా. నన్నడిగితే తెలుగులో మొదటి హోటల్ రివ్యూ అదే. కన్యాశుల్కం నాటికి ఆ పూటకూళ్ళిల్లు ఒక విధవరాలి బతుకుతెరువైంది. ఊరికి కొత్తగా వచ్చినవాడికి అన్నం పెట్టి డబ్బు తీసుకోవడం ఇంటి నుంచే మొదలైంది, అందుకే ఇంట్లో ఉన్న నియమాలన్నీ దాంతోపాటే వచ్చాయి. ఎవరి పక్కన ఎవరు కూర్చోవచ్చు, ఎవరు అరుగు మీదే ఆగాలి, ఎవరికి ఆకు వేస్తారు, ఎవరికి వెయ్యరు. పంక్తిభోజనం అన్న అందమైన మాట వెనక పంక్తిలోకి రానివ్వనివాళ్ళ జాబితా ఎప్పుడూ ఉంది.

హోటళ్ళొచ్చాక ఆ జాబితా బోర్డులెక్కింది. మద్రాసు రాష్ట్రంలో బ్రాహ్మణులకి వేరే గది పెట్టిన హోటళ్ళుండేవి. రైల్వేస్టేషన్లలో హిందువుల నీళ్ళు వేరు, ముస్లింల నీళ్ళు వేరు. 1957లో కూడా మద్రాసు ట్రిప్లికేన్‌లో ఒక హోటల్ బోర్డు మీది 'బ్రాహ్మణ' అన్న మాట తీసెయ్యాలని పెరియార్ పోరాటం నడపాల్సొచ్చింది. రాజ్యాంగం రాసినవాళ్ళు ఈ సంగతి ఎంత సీరియస్‌గా తీసుకున్నారో 15వ అధికరణం రెండో క్లాజు చదివితే తెలుస్తుంది. దుకాణాలు, ఫలహారశాలలు, హోటళ్ళలోకి రాకుండా మతం, జాతి, కులం, లింగం, పుట్టినచోటు కారణంగా ఎవరినీ ఆపకూడదు అని ప్రాథమిక హక్కుల్లోనే రాసుకున్నారు. ఒక దేశం తన రాజ్యాంగంలో హోటళ్ళ గురించి ఎందుకు రాసుకుంటుంది? ముక్కూమొహం తెలియనివాడి ఎదురుగా కూర్చుని తినడం ఈ దేశంలో అంత పెద్ద పని కాబట్టి. పల్లెల్లో రెండు గ్లాసుల టీకొట్లు ఆ తర్వాత కూడా ఎన్నేళ్ళు నడిచాయో మీకు నేను చెప్పక్కర్లేదు.

కాబట్టి మెస్సులో నా ఎదురుగా అడగకుండా కూర్చునే ఆ కండక్టరు ఊరికే కూర్చోలేదు. నేనెవరో, నా ఇంటిపేరేంటో అడక్కుండా కూర్చోవడానికి వెనక చాలా కొట్లాట ఉంది. ఆ కుర్చీని "డిస్టర్బెన్స్" అని, "ప్రైవసీ లేదు" అని తీసేసి, ప్రతి కుటుంబానికీ ఒక గూడు, ప్రతి జంటకీ ఒక సోఫా కట్టుకుంటూ వచ్చాం. ఇప్పుడు ఆ గూళ్ళ మధ్య ఒంటరిగా వచ్చినవాళ్ళకి చోటు లేదని మళ్ళీ జాబితాలు రాసుకుంటున్నాం.

బెంగుళూరు వాళ్ళు ఇంకో దారి పట్టారు. 1983లో జయనగర్లో కెఫే దర్శిని మొదలైంది. కుర్చీలు తీసేశారు. ఎత్తు బల్లలు, నిలబడి తినడం, ముందే బిల్లు. కుర్చీ లేకపోతే ఖాళీ కుర్చీ బాధే లేదు. ఇడ్లీ ప్లేటు పట్టుకుని ఆఫీసరు, డ్రైవరు, కాలేజీ అమ్మాయి ఒకే బల్ల చుట్టూ నిలబడతారు. పనిమీద బెంగుళూరు వెళ్ళిన ప్రతిసారీ నేను హాయిగా తింటాను. రాత్రి తొమ్మిదింటికి కూడా. నాలాగా నలుగురు ఆడవాళ్ళు ఒంటరిగా నిలబడి దోసె తింటుంటారు, ఎవరూ తలెత్తరు. (శంకరపురంలో నాకు బాగా నచ్చే కాఫీ కొట్టుకి పేరులోనే బ్రాహ్మణులున్నారు. ముందు నిలబడి తాగేవాళ్ళలో అందరూ ఉంటారు. బోర్డు కంటే బల్ల ముందు మారుతుంది కాబోలు.)

ఇప్పుడు "ఫ్యామిలీ" సంగతికి వస్తాను. కోస్తాలో ఒక జిల్లా కేంద్రం. మధ్యాహ్నం. కింద హాల్లో భోజనాలు జోరుగా నడుస్తున్నాయి, ఆవకాయ వాసన వీధిలోకి వస్తోంది. నేను లోపల అడుగు పెట్టగానే ఒకతను అడ్డం వచ్చాడు.

"మేడమ్, ఫ్యామిలీ పైన."

"నేను ఫ్యామిలీ కాదండి. ఒక్కదాన్నే."

"అదే మేడమ్, లేడీస్ అంటే ఫ్యామిలీయే."

పైకి వెళ్ళాను. ఏసీ, కర్టెన్లు, పిల్లల ఏడుపు, ఫ్రైడ్‌రైస్ వాసన. మీల్స్ చెప్పాను. "పైన మీల్స్ ఉండవు మేడమ్, కింద మాత్రమే." అదీ సంగతి. ఆవకాయ కింద, నేను పైన. నా రక్షణ కోసం నాకు ఫ్రైడ్‌రైస్ పెట్టారు, ఏసీకి ధర కలిపారు. ఇలాంటి మెట్లు నేను చాలా ఊళ్ళలో ఎక్కాను.

ఈ మాట అంటే నా స్నేహితురాళ్ళే నన్ను కోప్పడతారు. "నీకేం తెలుసు, ఫ్యామిలీ సెక్షన్ లేకపోతే మేమసలు హోటలుకే వెళ్ళం, ఆ చూపులు ఎవరు భరిస్తారు" అని. వాళ్ళ మాటలో నిజముంది. చూపులున్నాయి. తింటుంటే నోటికేసి చూసేవాళ్ళున్నారు, ఫోను నా వైపు తిప్పి పెట్టుకునేవాళ్ళున్నారు. గది కావాలన్నవాళ్ళకి గది ఉండనివ్వండి, నాకు అభ్యంతరం లేదు. కానీ చూసేవాడు కిందే ఉంటాడు, మీల్స్ తింటూ. లేచి పైకి వెళ్ళాల్సింది నేను. వాడికి ఒక్క మాట చెప్పే పని హోటల్ వాడు పెట్టుకోడు, నాకు మెట్లు చూపించడం సులువు. ఖమ్మం పెద్దావిడ మెస్సులో ఒకడు నాకేసి అదేపనిగా చూస్తుంటే ఆవిడ గరిటె పట్టుకొచ్చి "నీ కంచంల ఏం తక్కువైంది కొడకా, ఈడ జూడు" అంది. ఖర్చు లేని పని.

ఈ పైకి పంపే మర్యాద వెనక ఒక నమ్మకముంది. ఆడమనిషి ఒంటరిగా తినడం జాలిపడాల్సిన విషయం అని. మా పిన్ని రాజమండ్రిలో ఉంటుంది. నేను ఆ ఊరెళ్ళి హోటల్లో తిన్నానని తెలిస్తే నొచ్చుకుంటుంది. "మేముండగా నీకు ఆ ఖర్మేంటే, ఒక్కదానివీ కూర్చుని తింటావా?" అంటుంది. వాళ్ళింటికి వెళ్తే భోజనం అద్భుతంగా ఉంటుంది, మూడుగంటలు పడుతుంది, అందులో రెండుగంటలు నా పెళ్ళి సంగతి. అది వేరే కథ. కానీ ఆ ఇంట్లో ఒక సంగతి ప్రతిసారీ చూస్తాను. బాబాయికీ పిల్లలకీ నాకూ వడ్డించి, మేమంతా చేతులు కడుక్కున్నాక, పిన్ని వంటింట్లో చిన్న పీట మీద కూర్చుని, గిన్నెల్లో మిగిలినవి కంచంలోకి ఊడ్చుకుని తింటుంది. ఒక్కతే. మా అమ్మమ్మ కూడా అంతే, బతికినన్నాళ్ళూ. ఆవిడ ఎప్పుడు తిందో, ఏం తిందో, కూర మిగిలిందో లేదో ఎవరూ చూడలేదు. తెలుగిళ్ళలో ఎన్ని తరాల ఆడవాళ్ళు రోజూ ఒంటరిగా తిన్నారు! అందరి తర్వాత, చల్లారినవి, గోడకేసి తిరిగి. దాన్ని ఎవరూ ఒంటరి భోజనం అనలేదు. ఎవరూ అయ్యో అనలేదు. దానికి ఇల్లాలితనం అని పేరు పెట్టి మెచ్చుకున్నారు.

నేను టోకెన్ కొనుక్కుని, ఫ్యాను కింద కూర్చుని, వేడి అన్నంలో ముందుగా నాకు నెయ్యి వేయించుకుని తింటుంటే మాత్రం అయ్యో పాపం. ఈ జాలి నాకొద్దు. జాలిపడాలనుంటే మీ వంటింట్లోకి వెళ్ళి పీట మీద కూర్చున్నావిడ కంచంలో ఏముందో చూడండి.

ఇక ఆఫీసులు. వీళ్ళని వదిలిపెట్టడానికి లేదు. కంపెనీలు రోజుకి ఇంత అని బత్తా ఇస్తాయి, బిల్లు చూపిస్తేనే. బిల్లంటే అచ్చయినది, జీఎస్టీ నంబరున్నది. మెస్సులో పెద్దావిడ క్యాలెండరు కాగితం చింపి "భోజనం 1, రూ. 110" అని రాసిస్తుంది. అది చెల్లదు. అదే ఫ్యామిలీ రెస్టారెంటులో మూడొంతులు పారేసిన పన్నీరు కూరకి నాలుగొందల బిల్లు చెల్లుతుంది. టర్నోవరు పరిమితికి లోపలున్న చిన్న వ్యాపారానికి జీఎస్టీ రిజిస్ట్రేషన్ అక్కర్లేదు, అది చట్టమే చెప్పిన మాట. నంబరు లేకపోవడం దొంగతనం కాదు. పైగా మా తిండి మీద కట్టిన పన్నుకి కంపెనీకి వెనక్కొచ్చేదీ ఏమీ లేదు. మరి ఆ నంబరు మీద అంత మోజెందుకు? మేం దొంగ బిల్లులు రాస్తామని భయం. నాలుగొందల నిజం బిల్లు ముద్దు, నూటపది రూపాయల నిజం భోజనం అనుమానం. పనిమీద ఊళ్ళు తిరిగే కుర్రాళ్ళు బాగా తినకపోవడానికి హోటళ్ళెంత కారణమో వాళ్ళ అకౌంట్స్ డిపార్టుమెంట్లు అంతే కారణం. ఏ జాబితాలోనూ ఈ మాట కనబడదు.

"ఇంత గోలెందుకు, ఫోన్లో ఆర్డరిస్తే గదికొస్తుంది కదా, బిల్లు కూడా ఈమెయిల్లో వస్తుంది" అంటారు. వస్తుంది. దోసె తడిగుడ్డలా వస్తుంది, సాంబారు ముడి విప్పేటప్పుడు దుప్పటి మీద పడుతుంది. మంచమే బల్ల, పేపరే ఆకు, టీవీలో ఏదో. తిన్నాక ఆ ప్లాస్టిక్ డబ్బాల వాసన తెల్లవార్లూ గదిలోనే ఉంటుంది. అలసిపోయిన రోజు నేనూ తెప్పించుకుంటాను, అందులో పాపమేం లేదు. కానీ దీన్ని పరిష్కారం అని చెప్పేవాళ్ళతోనే నాకు పేచీ. నన్ను సింకు పక్కన కూర్చోబెట్టినవాడికి ఇది ఎంత సుఖమో చూడండి. ఇప్పుడు ఆ బల్ల కూడా అక్కర్లేదు. ఫ్యామిలీలు హాల్లో, ఒంటరివాళ్ళు ఎవరి గదుల్లో వాళ్ళు, సంచీ మోసే కుర్రాడు మధ్యలో. అన్నట్టు ఆ కుర్రాడు తన భోజనం ఎక్కడ తింటాడో, ఎవరితో తింటాడో మనలో ఎవరైనా అడిగామా?

మంచి చోట్లు ఎలా దొరుకుతాయని అడిగేవాళ్ళకి నాకు తెలిసింది చెప్తాను. రేటింగులు చూడొద్దు, అవి పుట్టినరోజు పార్టీలకి వెళ్ళినవాళ్ళు ఇచ్చినవి. మెడికల్ రెప్పుల్ని అడగండి. వాళ్ళకంటే ఎక్కువగా ఒంటరిగా తినే జాతి ఈ రాష్ట్రాల్లో లేదు. ఒంటిగంటకి ఏ సందులో తోలుసంచులు తగిలించిన బైకులు బారుగా కనబడతాయో అక్కడ భోజనం బాగుంటుంది. ల్యాబు టెక్నీషియన్లకి తెలుసు, బస్టాండులో కంట్రోలరుకి తెలుసు. లాడ్జి రిసెప్షన్‌లో మాత్రం అడక్కండి, కమిషనున్న చోటికే పంపుతారు. లోపలికి వెళ్ళాక గ్లాసు చూడండి, నేల చూడండి, వడ్డించేవాడు మొదట ఏమడుగుతాడో వినండి. "ఎంతమంది" అన్నాడా, "భోజనమా టిఫినా" అన్నాడా. రెండోది అన్నవాడి దగ్గర కూర్చోండి.

ఇదంతా మధ్యాహ్నం సంగతి. రాత్రికి నా దగ్గర జవాబు లేదు. మెస్సులు మూడింటికి మూస్తారు, చాలావాటికి రాత్రి భోజనం లేదు. తొమ్మిదయ్యాక జిల్లా ఊళ్ళలో వెలుగున్న హోటళ్ళు సగం బార్లకి ఆనుకుని ఉంటాయి. టిఫిన్ బండ్లున్నాయి, పెసరట్టు బంగారంలా వేస్తారు, కానీ రోడ్డు మీద మొగవాళ్ళ గుంపు మధ్య ప్లేటు పట్టుకుని నిలబడటానికి రోజూ ఓపిక ఉండదు. బస్టాండుల చుట్టుపక్కల టిఫిన్ సెంటర్లే కాస్త నయం. అక్కడ అందరూ ఎక్కడికో పోయేవాళ్ళే, ఎవరు ఒక్కరో ఎవరు నలుగురో చూసే తీరిక ఎవరికీ ఉండదు. ఐదు రూపాయలకి అన్నం పెట్టే సర్కారు క్యాంటీన్లు నడుపుతున్నాం, హైదరాబాదులో 2014 నుంచి. అక్కడ ఎవరూ నన్ను ఎంతమంది అని అడగలేదు. వరసలో నిలబడ్డ మనిషికి ఒక ప్లేటు. అంత తేలికైన లెక్క రాత్రి తొమ్మిదింటికి, నలభై యాభై రూపాయలకి, దీపాలున్న చోట ప్రతి మునిసిపాలిటీ ఎందుకు పెట్టలేదో నాకు తెలియదు. ఊళ్ళో నైట్‌డ్యూటీ నర్సులున్నారు, కోచింగ్ పిల్లలున్నారు, నేనున్నాను.

ఈ నెల ఖర్చుల క్లెయిములో పదకొండు మెస్సు చీటీలు పెట్టాను. ప్రతిదాని వెనకా ఊరు, తేదీ, ఏం తిన్నానో రాశాను. అకౌంట్స్ నుంచి ఇంకా జవాబు లేదు. సోమవారం ఒంగోలు వెళ్తున్నా. మధ్యాహ్నానికి ఎక్కడ బాగుంటుందో అక్కడి ల్యాబు టెక్నీషియన్‌ని అడిగి పెట్టుకున్నా. రాత్రికి ఎవరికైనా తెలిస్తే చెప్పండి.